గాలికీ ఒక చరిత్ర ఉంది

1771వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతబోధకుడు నీటిమీద బోర్లించిన ఒక గాజుపాత్రలోకి పుదీనా కొమ్మను చొప్పించాడు. ఆ పాత్రలోని గాలిలో అంతకు ముందే ఒక కొవ్వొత్తి కొంతసేపు వెలిగి దానంతటదే ఆరిపోయింది. ఆ గాలిలో ఇక మంట నిలవదు. పది రోజులు గడిచాయి. 27వ తేదీన ప్రీస్ట్లీ అదే గాలిలో మరొక కొవ్వొత్తిని పెట్టి చూశాడు. అది చక్కగా వెలిగింది. చెడిన గాలిని ఒక చిన్న ఆకుకొమ్మ బాగుచేసింది!

మరి మూడేళ్ళకు, 1774లో, ఆయన ఎర్రని పాదరస భస్మం మీద భూతద్దంతో ఎండను కేంద్రీకరించి, మంటను దేదీప్యమానంగా మండించే ఒక వాయువును వేరుచేశాడు. ఫ్రాన్సు దేశపు లవోయిజర్ దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. ఆమ్లాలను పుట్టించేది అని ఆ మాటకు అర్థం. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు తప్పనిసరిగా ఉంటుందని ఆయన పొరపడ్డాడు. ఆ పొరపాటే తెలుగులోకి 'ఆమ్లజని'గా అనువాదమై పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. జనం నోట నిలిచినది మాత్రం 'ప్రాణవాయువు' అన్న పేరే.

ఆ పేరులోనూ ఒక విచిత్రం దాగి ఉంది. భూమి పుట్టిననాడు ఈ వాయువు గాలిలో లేదు. తరువాత రెండువందల కోట్ల సంవత్సరాలదాకా కూడా లేనట్లే లెక్క. తీరా వచ్చిననాడు అది ప్రాణం పోయలేదు. ఆనాటి జీవకోటిలో అధిక భాగానికి అది విషమైంది. ఇవాళ ఏ ప్రాణి అయినా ఆలోచించకుండా పీల్చి వదిలే గాలి వెనుక ఇంత కథ ఉన్నది.

ఆస్తులు రెండు విధాలని పెద్దలు చెబుతారు: స్వార్జితం, పిత్రార్జితం. భూమికి గాలి స్వార్జితం. అది పోగొట్టుకుని, మళ్ళీ సంపాదించి, దాచి, ఖర్చుపెట్టి, కూడబెట్టుకున్న సంపద. మనిషికి మాత్రం అది పిత్రార్జితం. అందులో ఒక్క పాలు కూడా అతడు గడించినది కాదు. ఈ తేడా తెలియాలంటే ఆస్తి చరిత్ర మొదటినుంచీ తెలుసుకోవాలి.

నిలవని తొలి సంపద

భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. సూర్యుణ్ణి పుట్టించిన వాయుమేఘంలో అత్యధిక భాగం ఉదజని, హీలియం. పసిబిడ్డ భూమి చుట్టూ తొలుత ఈ వాయువులే పలుచగా అల్లుకుని ఉండాలి. కాని అవి మరీ తేలికైనవి. భూమి ఆకర్షణశక్తి వాటిని పట్టి ఉంచలేకపోయింది. నవయౌవనంలో ఉన్న సూర్యుడి తీక్షణమైన కిరణాలూ, ఆకాశశిలల తాకిడీ కలిసి ఆ తొలి పొరను ఊడ్చివేశాయి.

సాక్షి లేని కాలం గురించి ఇంత నిశ్చయంగా ఎలా చెప్పగలరు? సాక్షులు ఉన్నారు. వారిలో ఒకరు నియాన్ వాయువు. ఇది దేనితోనూ కలవదు, రాయిగా మారదు, నీటిలో దాగదు. నక్షత్రాలలో నత్రజని ఎంత ఉన్నదో నియాన్ కూడా ఇంచుమించు అంతే ఉన్నది. భూమి తన తొలి గాలిని నిలుపుకుని ఉంటే, నేటి గాలిలోనూ ఆ రెండూ సరిసమానంగా ఉండాలి. కాని నత్రజని నూటికి 78 పాళ్ళు ఉండగా, నియాన్ పది లక్షల పాళ్ళలో 18 మాత్రమే. అంటే పాత ఇల్లు పూర్తిగా కూలిపోయింది; ఇప్పుడున్నది తరువాత కట్టుకున్న ఇల్లు.

రెండవ సాక్షి హీలియం. దాని కథలో తెలుగునేలకూ చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ జాన్సెన్ గుంటూరులో దుర్భిణి అమర్చుకుని, సూర్యుని అంచున ఎగసిపడే జ్వాలల కాంతిని విడదీసి చూశాడు. గ్రహణం లేనప్పుడు కూడా ఆ జ్వాలలను పరిశీలించే ఉపాయం ఆయనకు అక్కడే స్ఫురించింది. అదే సంవత్సరం ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా ఆ పద్ధతినే కనుగొన్నాడు. ఆ కాంతిలో కనిపించిన ఒక పసుపుపచ్చని గీత భూమిమీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలింది. దానికి సూర్యుడి పేరుమీదుగానే హీలియం అని పేరు పెట్టారు. సూర్యుడిలో అంత విస్తారంగా ఉన్న పదార్థం భూమిమీద దొరకటానికి 1895దాకా ఆగవలసివచ్చింది. విలియం రామ్సే దాన్ని యురేనియం ఉన్న ఖనిజంనుంచి వెలికితీశాడు. నేటికీ భూమిలోని హీలియం దాదాపు అంతా రాళ్ళలోని యురేనియం, థోరియం క్షీణించగా పుట్టినదే. పుట్టినది పుట్టినట్లే గాలిలోకి చేరి, మెల్లగా ఆకాశంలోకి జారిపోతూ ఉంటుంది. తొలి సంపద ఎలా చేజారిపోయిందో చూపే ఉదాహరణ అది.

అగ్నిపర్వతాల ఊపిరి

రెండవసారి గాలి భూమి కడుపులోనుంచే వచ్చింది. కరిగిన శిలలనుంచీ, అగ్నిపర్వతాల నోళ్ళనుంచీ నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, గంధకపు వాయువులు వెలువడ్డాయి. భూమి చల్లబడేకొద్దీ ఆవిరి మేఘమై, మేఘం వానై కురిసింది. సముద్రాలు నిండాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువులలో కొన్ని 440 కోట్ల సంవత్సరాలనాటివి. ఇసుకరేణువంత స్ఫటికాలు అవి. అవి ఏర్పడేనాటికే భూమిమీద నీరు ఉన్నట్లు వాటిలోని ప్రాణవాయు పరమాణువుల పాళ్ళు చెబుతున్నాయి.

నేటి గాలిలో నూటికి ఒక పాలుకు కాస్త తక్కువగా ఉన్న ఆర్గాన్ చరిత్ర మరీ చిత్రమైనది. 1894లో రేలీ, రామ్సేలు దాన్ని కనుగొనేదాకా ప్రతి ఊపిరిలోనూ ఆ వాయువు ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. అది దాదాపు పూర్తిగా రాళ్ళలోని పొటాషియం క్షీణించటంవల్ల పుట్టినది. కోట్లాది సంవత్సరాలుగా శిలలు విడిచిన నిట్టూర్పు అది.

ఆనాటి గాలి ఎలాంటిదన్న విషయంమీద పెద్ద వాదమే నడిచింది. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్, ప్రాణవాయువు లేని గాలిలోనే జీవం అంకురించి ఉండాలని వాదించారు. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. 1953లో స్టాన్లీ మిల్లర్ అనే యువకుడు మీథేన్, అమ్మోనియా, ఉదజని, నీటి ఆవిరి నింపిన గాజు పరికరంలో విద్యుత్తు మెరుపులు పుట్టించి, జీవపదార్థానికి మూలమైన అమైనో ఆమ్లాలను రాబట్టాడు. ఆనాటి గాలిలో మీథేన్, అమ్మోనియాల కంటే నత్రజని, బొగ్గుపులుసు వాయువులే ఎక్కువని తరువాతి శాస్త్రజ్ఞులు సవరించారు. కాని ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట: స్వేచ్ఛగా తిరిగే ప్రాణవాయువు అందులో లేదు.

మరి ఆ బొగ్గుపులుసు వాయువంతా ఏమైంది? పొరుగున ఉన్న శుక్రగ్రహాన్ని చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. అక్కడి గాలిలో నూటికి 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువే. దాని ఒత్తిడి భూమిమీది గాలి ఒత్తిడికి 90 రెట్లు. నేల 460 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సీసం కరిగేంతగా కాగుతున్నది. భూమికీ ఇంచుమించు అంత వాయువే సంక్రమించింది. కాని భూమిమీద సముద్రం ఉన్నది. వాన ఆ వాయువును కరిగించుకుని రాళ్ళమీద పారింది. నదులు సున్నాన్ని సముద్రానికి చేర్చాయి. అక్కడ రెండూ కలిసి సున్నపురాయిగా అడుగున పేరుకున్నాయి. పల్నాటి సున్నపురాయి ఆ నిక్షేపంలోనిదే. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలలో రాయి కాలినప్పుడు పైకి లేచేది ఎప్పుడో సముద్రగర్భంలో బందీ అయిన ఆ పురాతన వాయువే.

అయితే పూర్తిగా బందీ కావటం కూడా ప్రమాదమే. ఆ రోజులలో సూర్యుడి వెలుగు నేటికంటే నూటికి 25 నుంచి 30 పాళ్ళు తక్కువ. వేడిని పట్టి ఉంచే వాయువుల దుప్పటి చాలినంత మందంగా ఉండబట్టే సముద్రాలు గడ్డకట్టలేదు. దుప్పటి మరీ మందమైతే శుక్రుడి గతి. మరీ పలుచనైతే అంగారకుడి గతి. అంగారకుడి గాలి ఒత్తిడి భూమిమీది ఒత్తిడిలో నూరోవంతైనా లేదు. భూమి ఈ రెండింటి నడుమ నిలదొక్కుకున్నది.

నాచు తెచ్చిన విప్లవం

ఇక కథానాయకుడు రంగంలోకి వస్తాడు. కంటికి కనిపించనంత చిన్నవాడు. శాస్త్రజ్ఞులు సయనోబాక్టీరియా అంటారు. పాతపేరు నీలి ఆకుపచ్చ నాచు. వరిచేలకు నత్రజని అందించే ఎరువుగా తెలుగు రైతులకు పరిచయమైనది ఈ జాతే. సూర్యకాంతి సాయంతో నీటిని చీల్చి, ఉదజనిని ఆహారానికి వాడుకుని, మిగిలిన ప్రాణవాయువును పారవేసే విద్య మొట్టమొదట అలవరచుకున్నది ఈ సూక్ష్మజీవులే. ప్రాణవాయువు వాటికి అవసరమైన సరుకు కాదు, చెత్త.

లోతులేని నీటి అడుగున ఈ జీవులు జిగురుపొరగా పెరుగుతాయి. పొరమీద మట్టి, సున్నం పేరుకుంటాయి. వెలుగుకోసం జీవులు పైకి పాకి మరో పొర అల్లుతాయి. ఇలా ఉల్లిపాయ పొరలలాగా ఒకదానిమీద ఒకటి చేరి రాళ్ళవుతాయి. వీటిని స్ట్రొమటొలైట్లు అంటారు. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైటు శిలలలో ఇవి విస్తారంగా ఉన్నాయి. వాటి వయస్సు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు, లేదా అంతకంటే ఎక్కువ. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ అఖాతంలో ఈ జీవులు నేటికీ అదే పద్ధతిలో రాళ్ళు కడుతూనే ఉన్నాయి. అంత పురాతన వృత్తి భూమిమీద మరొకటి అరుదు.

ఈ నాచు విడిచిన ప్రాణవాయువు వెంటనే గాలిలోకి రాలేదు. సంపాదన మొదలైనా పాత బాకీలు తీరేదాకా చేతిలో ఏమీ మిగలనట్లయింది. ఆనాటి సముద్రజలంలో ఇనుము కరిగి ఉండేది. ప్రాణవాయువు తగలగానే అది తుప్పై అడుగుకు దిగింది. ఇనుపతుప్పు ఒక పొర, సిలికా ఒక పొర, మళ్ళీ ఇనుము, మళ్ళీ సిలికా, ఇలా చారలు చారలుగా మహాశిలలు తయారైనాయి. ప్రపంచంలోని గొప్ప ఇనుప గనులలో అధికభాగం ఈ చారల రాళ్ళే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా కొండలు వీటిలోనివి. ఎద్దు మూపురంలాంటి ఆ కొండలనుంచి తవ్విన ఖనిజం 1960వ దశకం చివరనుంచీ అరకు లోయ మీదుగా రైళ్ళలో విశాఖపట్నం రేవుకు వస్తున్నది. విశాఖ ఉక్కు కర్మాగారపు కొలిముల్లోనూ కరుగుతున్నది. ఆ ఉక్కుతో కట్టిన వంతెనలో, ఇంటి కప్పులోని కడ్డీలో, వందల కోట్ల సంవత్సరాలనాటి సముద్రం తీర్చుకున్న బాకీ లెక్క ఉన్నది.

సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట బాకీలు తీరటం మొదలై, ప్రాణవాయువు గాలిలో నిలిచింది. ఇదే మహా ఆమ్లజనీకరణం. దీనికి తిరుగులేని నిదర్శనం 2000వ సంవత్సరంలో దొరికింది. ఫార్కర్, బావో, థీమెన్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పురాతన శిలలలోని గంధకపు పరమాణువుల పాళ్ళు కొలిచారు. ప్రాణవాయువు లేని గాలిలో సూర్యకిరణాలు నేరుగా గంధకపు వాయువులను తాకినప్పుడు మాత్రమే పుట్టే ఒక విలక్షణమైన గుర్తు పాత రాళ్ళన్నిటిలోనూ ఉన్నది. ఆ కాలం దాటిన రాళ్ళలో అది మటుమాయమైంది.

ఆ మార్పు మహోపద్రవం. ప్రాణవాయువు తాకిడికి తట్టుకునే ఉపాయం లేని జీవులకు బయటి ప్రపంచం నివాసయోగ్యం కాకుండా పోయింది. వెచ్చదనాన్నిచ్చే మీథేన్‌ను ఆ వాయువు హరించటంవల్లనే అప్పట్లో భూమి దీర్ఘకాలం మంచుపాలైందని పలువురి అభిప్రాయం. ఓడిన జీవులు నశించిపోలేదు. గాలి చొరని చోట్లకు పారిపోయాయి. వరిచేను అడుగు బురదలో, చెరువు పూడికలో, ఆవు పొట్టలో అవి నేటికీ తలదాచుకుని, మీథేన్ వదులుతూ బతుకుతున్నాయి.

కొన్ని జీవులు మాత్రం ఆ విషాన్నే ఆయుధంగా మలచుకున్నాయి. ప్రాణవాయువుతో ఆహారాన్ని దహిస్తే, పులియబెట్టటంకంటే పదిహేను రెట్లవరకూ శక్తి లభిస్తుంది. ఈ విద్య నేర్చిన ఒక సూక్ష్మజీవి మరో కణంలో చేరి శాశ్వతంగా కాపురం పెట్టింది. మనిషి శరీరంలోని కణాలలో ఊపిరిని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు ఆ అతిథి సంతతే. పరుగెత్తే లేడికి, ఎగిరే కొంగకు, ఆలోచించే మనిషికి కావలసిన శక్తి ఈ బేరంవల్లనే సమకూరింది.

పూడ్చిపెట్టిన బొగ్గు, మిగిలిన గాలి

చెట్లు ప్రాణవాయువు ఇస్తాయన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని ఆ మాటలో సగమే ఉన్నది. చెట్టు పెరిగేటప్పుడు ఎంత ప్రాణవాయువు ఇస్తుందో, అది ఎండి, కుళ్ళి, లేదా కాలి మట్టిలో కలిసేటప్పుడు ఇంచుమించు అంతే తిరిగి తీసుకుంటుంది. జమా ఖర్చులు సమానం. నిల్వ మిగలాలంటే ఒకటే దారి: ఆ చెట్టు కుళ్ళకుండా, కాలకుండా భూమిలో పూడిపోవాలి. అప్పుడు తీసుకోవలసినవాడు రాడు గనుక, ఇచ్చినది గాలిలో నిలిచిపోతుంది. ఆ పూడ్చివేతలో అధికభాగం సముద్రపు అడుగు బురదలో జరిగింది; కొంత బొగ్గు పొరలుగా నేలలో జరిగింది. నేటి గాలిలోని 21 పాళ్ళ ప్రాణవాయువూ ఇలా భూగర్భంలో పూడ్చిన కర్బనానికి పైన మిగిలిన రసీదు.

ఈ నిల్వ ఒక్కసారి పెరగలేదు. మహా ఆమ్లజనీకరణం తరువాత కూడా నూరుకోట్ల సంవత్సరాలకు పైగా ప్రాణవాయువు స్వల్పంగానే ఉన్నది. సుమారు 60 కోట్ల సంవత్సరాల కిందటి నుంచే అది మళ్ళీ పెరిగి, కదలాడే జంతువులకు దారి ఇచ్చింది. ఎగువ ఆకాశంలో ప్రాణవాయువునుంచే పుట్టిన ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు గొడుగు పట్టింది. ఆ గొడుగు నీడన సుమారు 47 కోట్ల సంవత్సరాల కిందట మొక్కలు నేలమీదికి అడుగుపెట్టాయి.

30 కోట్ల సంవత్సరాల కిందటి కార్బానిఫెరస్ యుగపు అడవులలో ప్రాణవాయువు నూటికి 30 పాళ్ళ దాకా చేరినట్లు అంచనా. రెక్కలు చాస్తే రెండడుగులకు మించిన తూనీగలు అప్పుడు ఎగిరాయి. గాలిలో ప్రాణవాయువు అధికంగా ఉండటం వాటి దేహపుష్టికి ఒక కారణమని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. రాళ్ళలో దొరికే కాలిన కట్టెబొగ్గు తునకలు కూడా ఒక కొలబద్దే. ప్రాణవాయువు నూటికి 16 పాళ్ళకు తగ్గితే కార్చిచ్చు అంటుకోదు; మరీ హెచ్చితే పచ్చి అడవి కూడా భగ్గుమంటుంది. నలభైకోట్ల సంవత్సరాలుగా అడవులూ ఉన్నాయి, వాటికి నిప్పంటుకున్న గుర్తులూ ఉన్నాయి. అంటే ప్రాణవాయువు ఈ రెండు హద్దుల మధ్యనే మెలగుతూ వచ్చింది.

గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు దీని తరువాతి పెర్మియన్ యుగానిది. ఆ యుగం 30 కోట్ల నుంచి 25 కోట్ల సంవత్సరాల కిందటిది. అప్పుడు భారతభూమి దక్షిణధ్రువ ఖండంతో కలిసి ఉండేది. గ్లాసొప్టెరిస్ అనే చెట్ల ఆకులు సింగరేణి పొరలలోనూ దొరుకుతాయి. 1912లో దక్షిణధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా మోసుకువచ్చిన రాళ్ళలోనూ దొరికాయి. ఇల్లందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ గుర్తించిన ఆ బొగ్గు అప్పటినుంచీ రైళ్ళు నడిపింది, దీపాలు వెలిగించింది, మిల్లులు తిప్పింది. దాన్ని తవ్విన కూలీల శ్రమమీద ఎన్నో పట్టణాలు నిలిచాయి. కాని బొగ్గు మండటమంటే ఏమిటి? కోట్ల సంవత్సరాల కిందట ఆ చెట్లు గాలినుంచి తీసుకున్నది గాలికి తిరిగి చేరటమే. రసీదు తెచ్చి చూపి, డబ్బు వెనక్కు తీసుకోవటమే.

మనిషి చేతికి వచ్చిన లెక్కపుస్తకం

ఈ లెక్క ఎంత వేగంగా తిరగబడుతున్నదో మంచుగడ్డలు చెబుతాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ లోరియస్ 1965లో దక్షిణధ్రువ ఖండంలో ఒక సాయంకాలం, లోతునుంచి తవ్వితీసిన పాత మంచుముక్కను పానీయపు గ్లాసులో వేసుకున్నాడు. మంచు కరుగుతూ బుడగలు విడిచింది. ఆ బుడగలు పూర్వకాలపు గాలే కదా అని ఆయనకు తోచింది. ఆ ఆలోచన ఒక శాస్త్రమైంది. దక్షిణధ్రువ ఖండంలో మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి తీసిన మంచుకడ్డీలు ఎనిమిది లక్షల సంవత్సరాల గాలిని బుడగలలో దాచి ఉంచాయి. ఆ కాలమంతటిలో బొగ్గుపులుసు వాయువు మంచుయుగాలలో పది లక్షల పాళ్ళలో 180 దాకా తగ్గి, వెచ్చని కాలాలలో 280 ప్రాంతానికి చేరుతూ వచ్చింది. 300 దాటిన దాఖలా ఒక్కటీ లేదు.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతంమీద ఈ వాయువును నిత్యం కొలవటం ప్రారంభించాడు. అప్పుడది 315. 2024నాటికి 420 దాటింది. కడపటి మంచుయుగం ముగిసినప్పుడు సుమారు 80 పాళ్ళు పెరగటానికి ఆరేడు వేల సంవత్సరాలు పట్టింది. ఇప్పుడు ఒక మనిషి జీవితకాలంలోనే నూరు పాళ్ళకు పైగా పెరిగింది. మీథేన్ 1750నాటికంటే రెండున్నర రెట్లు దాటింది. బొగ్గు మండితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశపు అరీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. ఆనాడు అది పండితుల కాలక్షేపం. నేడు ఋతుపవనాలమీద ఆధారపడిన దేశాలన్నిటికీ బతుకు సమస్య.

ప్రాణవాయువు కూడా తగ్గుతున్నది. కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ దాన్ని 1980వ దశకం చివరినుంచీ కొలుస్తున్నాడు. ఏటా పది లక్షల పాళ్ళలో నాలుగు చొప్పున తరుగుదల. నిల్వ రెండు లక్షల పాళ్ళకు పైగా ఉన్నది గనుక ఊపిరికి వచ్చిన లోటేమీ లేదు. కాని ఆ తరుగు ఒక సత్యాన్ని నిర్ధారిస్తున్నది. గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు సముద్రం విడిచినదో, అగ్నిపర్వతం కక్కినదో అయితే ప్రాణవాయువు ఇలా తరగదు. తరిగిందంటే, ఎక్కడో ఏదో మండిందన్నమాట.

భూమి గాలి మునుపెన్నడూ మారలేదా, ఇప్పుడు మారితే విపరీతమేమిటని కొందరు వాదిస్తారు. మారిన మాట నిజమే. రాక్షసబల్లుల కాలంలో బొగ్గుపులుసు వాయువు నేటికంటే చాలా ఎక్కువగా ఉండేది. ఈ చరిత్రంతా మార్పుల చరిత్రే. అయితే ఆ చరిత్రే మరొక మాట కూడా చెబుతున్నది: గాలి మారిన ప్రతిసారీ అప్పటి జీవులలో ఎవరో ఒకరు బురదలోకి పారిపోవలసివచ్చింది. భూమికి ఏమీ కాదు. అది ఎన్నో గాలులను చూసింది. వరి, గోధుమ, నదీతీరపు నగరాలు, ఏటా తప్పకుండా వస్తుందని నమ్మి దుక్కి దున్నే తొలకరి, ఇవన్నీ మంచుయుగం తరువాతి పదివేల సంవత్సరాల నిలకడగల గాలిలో అలవాటైనవి. ఎంత మార్పు వచ్చిందన్నదానికంటే ఎంత తొందరగా వచ్చిందన్నదే వాటి విషయంలో ముఖ్యం. నాచుకు తాను చేస్తున్నదేమిటో తెలియదు. మనిషికి తెలుసు.

తెలిసినందువల్ల ప్రయోజనం ఉంటుందనటానికి కూడా ఒక నిదర్శనం ఉన్నది. శీతలీకరణ యంత్రాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినివేయగలవని 1974లో మోలీనా, రోలండ్ హెచ్చరించారు. ఆ వాయువులే భూమిని విపరీతంగా వేడెక్కించగలవని మరుసటి ఏడు, 1975లో, భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న వీరభద్రన్ రామనాథన్ రుజువుచేశాడు. 1985లో దక్షిణధ్రువ ఖండంమీద ఓజోన్ పొర దారుణంగా పలచబడిన సంగతి బయటపడింది. రెండేళ్ళ తరువాత, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. క్రమంగా ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఆ రసాయనాల తయారీ దాదాపు పూర్తిగా ఆగిపోయింది. దక్షిణధ్రువంమీది చిరుగు 2066 ప్రాంతానికి పూడుకుంటుందని నేటి అంచనా. కోట్ల సంవత్సరాలు పట్టి ఏర్పడిన గొడుగును మనిషి కొన్ని దశాబ్దాలలో చింపాడు. చింపినది తానేనని ఒప్పుకుని కుట్టటమూ మొదలుపెట్టాడు. బొగ్గు, చమురుల సంగతి ఇంతకంటే ఎన్నో రెట్లు కష్టం. శీతలీకరణకు మరో వాయువు వెతుక్కున్నంత సులువుగా ఒక నాగరికత తన పొయ్యిని మార్చుకోలేదు. కష్టమన్నంతమాత్రాన అసాధ్యం కాదని మాత్రం ఆ ఒప్పందం తేల్చిచెప్పింది.

భూమిచుట్టూ ఉన్న గాలిలో సగం బరువు నేలనుంచి ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులోపలే ఉన్నది. పొరుగూరికి నడిచి వెళ్ళేంత దూరం అది. అగ్నిపర్వతాల ఆవిరి, రాళ్ళ నిట్టూర్పు, నాచు పారవేసిన చెత్త, పూడిపోయిన అడవులు మిగిల్చిన నిల్వ, అన్నీ ఆ పలుచని పొరలోనే ఇమిడి ఉన్నాయి. స్వార్జితాన్ని ఎవరైనా తమ ఇష్టప్రకారం వాడుకోవచ్చునంటారు. పిత్రార్జితం సంగతి వేరు. దాన్ని అనుభవించే హక్కు ఉంటుందే గాని, తెగనమ్ముకునే హక్కు ఉండదు. అందులో పుట్టిన బిడ్డలకు పుట్టుకతోనే వాటా ఉంటుంది. పుట్టబోయే బిడ్డల వాటా కూడా లెక్కలోకి వస్తుంది.